ఆ పేరుగలోళ్లు ఈడ ఎవురూ లేరు

"నారాయణ లేడంట మామా."

వివేక్ కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. జాఫర్ నోటి దాకా తీసుకెళ్లిన టీ గ్లాసు అక్కడే ఆగింది.

"లేడంటే? ఏమైంది వానికి? నిన్న గూడా ఫోన్ జేసి, నల్లబండ లోడు పంపీమంటావా అని అడిగినాడే!"

"సచ్చిపోయినాడని కాదు. అసలు అట్లాంటి మనిషే లేడని నీకొచ్చిన నోటీసులో రాసినారు."

వివేక్ ప్రొద్దుటూరులో చాలా అంగళ్లకు జీఎస్టీ లెక్కలు చూసే కుర్రాడు. నోటీసులు చదివి చదివి, ఎంత చెడ్డ వార్తనైనా రేపు ఎండ కాస్తుందన్నంత మామూలుగా చెప్పడం అతనికి అలవాటైపోయింది. జాఫర్‌కు మైదుకూరు రోడ్డులో బండల అంగడి ఉంది. కువైట్‌లో నీళ్ల ట్యాంకరు తోలి తోలి, ఆ సంపాదనంతా తెచ్చి ఈ బండల్లో పోశాడు. వాకిట్లో పరిచే నల్లబండ మొదలు వంటింటి గట్టుకు వేసే పాలిష్ బండ వరకు అతనికి ఎక్కువ సరుకు నారాయణ దగ్గర నుంచే వస్తుంది.

"ఆ మనిషి లేకుంటే నాకేంది?" అన్నాడు జాఫర్.

"నీకే మామా అంతా."

వివేక్ విడమరిచి చెప్పాడు. నారాయణ దగ్గర సరుకు కొన్నప్పుడు జాఫర్ బిల్లుతో పాటు పన్ను కూడా చెల్లించాడు. తను ఆ సరుకు అమ్మినప్పుడు ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నులోంచి, అంతకుముందు చెల్లించింది తగ్గించుకున్నాడు. దాన్నే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటారు. ప్రతి వ్యాపారీ చేసే పనే. కానీ ఇప్పుడు అమ్మినవాడే లేడని తేలింది. అమ్మినవాడు లేకపోతే సరుకు లేదు. సరుకు లేకపోతే బిల్లు దొంగది. బిల్లు దొంగదైతే జాఫర్ దొంగ. వాడుకున్న క్రెడిట్ మొత్తం వెనక్కి కట్టాలి. దాని మీద వడ్డీ. ఆపైన జరిమానా. ఈలోగా బ్యాంకు ఖాతా జప్తు.

"అంగడి అమ్మినా సాలదే," అన్నాడు జాఫర్.

"సాలదు," అని ఒప్పుకున్నాడు వివేక్.

అంగడి పోతే మిగిలేది కువైట్. అక్కడి పాత యజమాని మళ్లీ రమ్మంటున్నాడని కడపలో వీసాల ఏజెంటు షంషుద్దీన్ ఇప్పటికే రెండుసార్లు కబురు పెట్టాడు. జాఫర్ భార్య బీబీజాన్ ఆ కబురు విని ఒకటే మాట అంది: "ఈసారి పోతే నేను ఫోన్ ఎత్తను." చిన్న కూతురికి మాటలు వచ్చింది ఫోన్లోనే. నాన్న అంటే చాన్నాళ్లు ఆ పిల్ల ఫోన్ వైపే చూసేది.

"లేడని ఎవురు తేల్చినారు?"

"రిజిస్ట్రేషన్‌లో ఉండే అడ్రసు పులివెందులది. ఇన్‌స్పెక్టర్ ఆడికి పోయినాడు. ఇంట్లో ఉండే ఆడమనిషి, ఆ పేరుగలోళ్లు ఈడ ఎవురూ లేరు అని చెప్పిందంట. ఇరుగుపొరుగోళ్లు ఇద్దరు గూడా అదే చెప్పి పంచనామాలో సంతకాలు పెట్టినారు."

"ఎవురా ఆడమనిషి?"

వివేక్ కాగితం తిప్పాడు. "వనజమ్మ."

జాఫర్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. టీ ఒలికింది.

"వనజమ్మ నారాయణను కన్నతల్లి గదప్పా!"

* * *

జమ్మలమడుగు దాటగానే రోడ్డు పక్కన నారాయణ పాలిష్ ఫ్యాక్టరీ. రేకుల షెడ్డు, రెండు యంత్రాలు, బూడిదరంగు బురద. జాఫర్ మోటారు సైకిల్ దిగకుండానే అరిచాడు.

"రేయ్, నువ్వు లేవంట!"

యంత్రం మోతలో నారాయణకు వినపడలేదు. మోకాళ్ల దాకా బురదతో వచ్చి స్విచ్ ఆపాడు.

"ఏందన్నా?"

"నువ్వు లేవంట! పుట్టనే లేదంట!"

నారాయణ తీరిగ్గా చేతులు తుడుచుకున్నాడు. "ఓ, ఆ సంగతా. నాకు గూడా ఏదో నోటీసు వచ్చిందంట. మెయిలుకు."

"వచ్చిందంట ఏందిరా? నీ మెయిలు నువ్వు చూసుకోవా?"

"అది నాది కాదన్నా. జీఎస్టీ నంబరు చేయించినప్పుడు నెట్ సెంటరోడు వాని మెయిలే పెట్టినాడు. వాడు సెంటరు మూసేసి బెంగుళూరు పోయినాడు. జవాబు ఇయ్యలేదని నా నంబరు రద్దు చేసినారు. పోతేపోనీ అని నా భార్య పేరున కొత్తది తీసుకుంటి. ఇప్పుడు నీకొచ్చే బిల్లులన్నీ దాని మీదనే గదా."

జాఫర్ బండి దిగి ఒక పాలిష్ బండ మీద కూలబడ్డాడు. తడి బండ. లుంగీ తడిసింది. లేవాలనిపించలేదు.

"అంటే నీ పాత నంబరు నువ్వు ఇడిసిపెట్టినావు, అది వచ్చి నా మెడకు చుట్టుకునింది. నాకొక మాట చెప్పాలని గూడా తోచలేదా?"

"నీకేమవుతాదని చెప్పేది? పన్ను నేను నెలనెలా కట్టినా. ఒక్క పైసా ఎగ్గొట్టలా."

"అదే గదరా నా కడుపుమంట! నేను నీకిచ్చినా. నువ్వు సర్కారుకు కట్టినావు. ఇప్పుడు మళ్లా నేనే కట్టాలంట!"

"వాళ్లను ఈడికి రమ్మను. యంత్రాలు చూపిస్తా. నన్ను చూపిస్తా."

జాఫర్ వివేక్‌కు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. వివేక్ గొంతులో అదే తీరు.

"సాలదు. ఆ షెడ్డు రిజిస్ట్రేషన్‌లో లేదు. ఇంటి అడ్రసొకటే ఉంది. నారాయణ వచ్చి నేనుండానంటే గూడా సాలదు. దొంగబిల్లులు రాసేటోడెవడైనా నేనుండా అనే అంటాడు. కేసంతా వనజమ్మ చెప్పిన మాట మీద నిలబడింది. ఆమెనే వచ్చి, ఆ పొద్దు చెప్పింది నిజం కాదని చెప్పాల."

ఫోన్ పెట్టేశాక జాఫర్ తల పట్టుకున్నాడు. "మీయమ్మ అట్లెందుకు చెప్పింది నారాయణా?"

నారాయణ అతన్ని వింతగా చూశాడు.

"తెల్లబండి వచ్చి ఇంటి ముందర నిలబడి, దిగినోడు మొగోని పేరు పెట్టి అడిగితే, ఉండాడని ఎవురన్నా చెప్తారా అన్నా?"

జాఫర్ వీధిలో అడిగినా అదే జవాబు వస్తుంది. తన తల్లి బతికున్నప్పుడు పోస్టుమ్యాన్‌కు కూడా అలాగే చెప్పేది.

* * *

ఇద్దరూ ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి ఎండ తీవ్రంగా ఉంది. వనజమ్మ అరుగు మీద కూర్చుని శెనక్కాయలు వలుస్తోంది. కొడుకును, జాఫర్‌ను చూసి చాప జరిపింది. సంగతి మొత్తం విని, చేతిలో పని ఆపకుండా అడిగింది.

"నేను అబద్ధం యాడ చెప్పినా నాయనా?"

"నారాయణ లేడని చెప్పినావు గదా పెద్దమ్మా!"

"ఆ పొద్దు వాడు ఇంట్లో లేడు."

"ఇంట్లో లేడని కాదు, ఆ పేరుగలోళ్లే లేరని చెప్పినావు!"

"మరి ఎట్ల చెప్పాల? ఇప్పుడు లేడు, జమ్మలమడుగులో ఒక్కడే ఉంటాడు, ఈ దోవన పోండి అని చెప్పాల్నా?"

ఎదురింటి అరుగు మీద నుంచి ఒకాయన కల్పించుకున్నాడు. పంచనామాలో సంతకం పెట్టిన ఇద్దరిలో ఆయన ఒకడట. "వనజక్క లేడన్యాక మేము ఉండాడని ఎట్లంటామప్పా? మాకు మర్యాద ఉండొద్దా?"

"అది పన్నుల ఆఫీసు బండి స్వామీ!"

"బండి మీద రాసుండాది," అంది వనజమ్మ. "చూసినా. రాసుకోని వచ్చేది ఎవురికి చేతగాదు?"

జాఫర్ లేచి అరుగు మీద అటూ ఇటూ నడిచాడు. అరవాలని ఉంది. ఎవరి మీద అరవాలో తెలియడం లేదు. పన్ను కట్టినవాళ్లు ఇద్దరు, మర్యాద పాటించిన ఇరుగుపొరుగు, కొడుకును కాపాడుకున్న తల్లి. తప్పు చేసినవాడు ఒక్కడూ లేడు. శిక్ష మాత్రం తనకు.

"కాలం మారింది పెద్దమ్మా. ఇప్పుడు ఎవురొస్తారు అట్ల?"

వనజమ్మ చేటలోని పొట్టు ఊదింది.

"నాకు పెండ్లయిన కొత్తల్లో ఒక బండి వచ్చింది. దిగినోళ్లు శానా నెమ్మదిగా మాట్లాడినారు. పెండ్లిమర్రి నుంచి వచ్చినాం, ఎద్దుల బేరం ఉంది, మీ చిన్నోడు ఉండాడా అమ్మా అని అడిగినారు. చిన్నోడంటే మా మరిది. మాయత్త మర్యాదస్తురాలు. ఉండాడు నాయనా, కల్లంలో ఉండాడు, అట్ల పోండి అని దోవ చూపించింది." ఆమె ఇంకో గుప్పెడు కాయలు తీసుకుంది. "తాగేదానికి నీళ్లు గూడా ఇచ్చి పంపించింది."

నారాయణ వీధి వైపు చూస్తున్నాడు. ఎదురింటాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. జాఫర్ వచ్చి మళ్లీ చాప మీద కూర్చున్నాడు. కోపం పోలేదు కానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నెమ్మదిగా అన్నాడు. "నువ్వు లేడంటే నీ బిడ్డ బాగుంటాడనుకున్నావు. సరే. నేను ఈ ఊర్లో ఉండాలంటే నువ్వు ఉండాడని చెప్పాల పెద్దమ్మా."

"లేకుంటే యాడికి పోతావు?"

"కువైట్‌కు."

"నీ పిల్లోళ్లు?"

"వాళ్లు ఈడనే."

వనజమ్మ ఒళ్లోని పొట్టు దులిపింది. "ఎప్పుడు రావాల్నో చెప్పు."

* * *

విచారణ ప్రొద్దుటూరులోనే. అధికారి పేరు హేమలత. "మేడమ్‌ది పెద్దముడియం. మన మనిషే. సాఫీగా జరిగిపోతాది," అని వివేక్ ధైర్యం చెప్పాడు. కారులో వనజమ్మ చేత రెండుసార్లు చెప్పించి చూశాడు. తడబాటు లేకుండా చెప్పింది: నారాయణ నా కొడుకు, బండల యాపారం చేస్తాడు, ఆ పొద్దు ఎవురో ఏమో అని భయపడి లేడని చెప్పినా. అంతే. మూడు ముక్కలు.

సాక్షి మాట్లాడేటప్పుడు కొడుకు పక్కన ఉండకూడదని నారాయణను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. వనజమ్మ, వివేక్, జాఫర్ లోపలికి వెళ్లారు. బల్ల వెనక హేమలత. పక్క కుర్చీలో, ఒళ్లో ఫైలు పెట్టుకుని, కాకినాడ నుంచి కొత్తగా బదిలీపై వచ్చిన ఇన్‌స్పెక్టర్.

వనజమ్మ అతన్ని చూసింది. ఆ రోజు తెల్లబండిలోంచి దిగినవాడు అతనే.

"అమ్మా, నారాయణ అనే వ్యక్తి మీకు తెలుసా?" అని అడిగింది హేమలత.

"తెలీదు," అంది వనజమ్మ.

వివేక్ కళ్లు మూసుకున్నాడు.

"మీ ఇంట్లో ఆ పేరుగల వాళ్లు ఎవరైనా ఉంటున్నారా?"

"ఆ పేరుగలోళ్లు మా ఇంట్లో ఎవురూ లేరు."

"చూశారా మేడమ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఉత్సాహంగా. "నేను వెళ్లినప్పుడూ అక్షరం పొల్లుపోకుండా ఇదే చెప్పారండి. నా రిపోర్టులో తప్పేం లేదండి."

"పెద్దమ్మా!" జాఫర్ ఆమె వైపు తిరిగాడు. "కార్లో ఏం చెప్పినావు? ఈడ ఏం చెప్తాండావు?"

వనజమ్మ అతని వైపు జాలిగా చూసింది. హేమలత కలం మూత తీసింది. ఆ కలం కాగితం మీద ఆనితే తన అంగడి ముగిసిపోతుందని జాఫర్‌కు అర్థమైంది. లేచి నిలబడ్డాడు. వివేక్ చొక్కా పట్టుకుని లాగుతున్నా కూర్చోలేదు.

"మేడమ్, మీది పెద్దముడియం గదా. మీ నాయన పేరేంది?"

"ఏవండీ, మేడమ్‌ని అడిగే ప్రశ్నేనా అది?" అని ఇన్‌స్పెక్టర్ లేవబోయాడు.

హేమలత చెయ్యెత్తి అతన్ని ఆపింది. "నాగేంద్ర. ఎందుకు?"

"ఆయప్ప ఇప్పుడు ఇంట్లో ఉంటాడా?"

ఆమె గోడ గడియారం చూసింది. "అన్నం తిని పడుకునుంటాడు."

జాఫర్ తన ఫోన్ బల్ల మీద పెట్టి ఆమె వైపు తోశాడు. "మీ ఇంటి నంబరు మీరే కొట్టండి. నేను ఒకే మాట అడుగుతా. మీ నాయన ఉండాడని జవాబొస్తే, మీరు ఏం రాస్తే దానికి సంతకం పెట్టి కువైట్ పోతా. ఇంకొక మాట మాట్లాడను."

హేమలత ఫోన్ వంక చూసింది. జవాబేమిటో ఆమెకు ముందే తెలిసినట్టుంది. పెదవి చివర ఏదో కదిలి ఆగింది. ఫోన్ తీసుకుని నంబరు కొట్టి, స్పీకరు పెట్టి, మళ్లీ బల్ల మధ్యలో ఉంచింది.

కొంతసేపు మోగాక ఒక ముసలి ఆడగొంతు పలికింది. "ఎవురూ?"

"నాగేంద్ర ఉండాడామ్మా?" అన్నాడు జాఫర్.

"ఏ నాగేంద్ర?"

"పెద్దముడియం నాగేంద్ర."

"ఆ పేరుగలోళ్లు ఈడ ఎవురూ లేరు నాయనా. నంబరు తప్పు కొట్టినావు."

ఆమె వెనక నుంచి ఒక మగగొంతు నిద్రమత్తులో అడిగింది. "ఎవురే ఫోనూ?"

"నువ్వు గమ్మున పండుకో," అని వినిపించి ఫోన్ తెగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. ఆ నోరు చాలాసేపు అలాగే ఉంది. వివేక్ నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. ముందుగా మాట్లాడింది వనజమ్మే.

"మంచి మనిషి. ఎవురమ్మా ఆమె?"

"మా అమ్మ," అంది హేమలత.

వనజమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "పెద్దముడియంలో మీ ఇల్లు యాడ? దిగువ వీధా? మీయమ్మ పుట్టినిల్లు ఏ ఊరు? చెన్నూరా! చెన్నూరులో మా పెద్దచెల్లెలిని ఇచ్చినాం గదా..." హేమలత ఒక్కొక్కదానికీ బుద్ధిగా జవాబు చెప్పింది. ఎక్కడో ఒక మేనత్త దగ్గర రెండు కుటుంబాలూ కలిశాయి. వనజమ్మ ఊపిరి పీల్చుకుని, ఎవరూ అడక్కుండానే అంది:

"నారాయణ నా కొడుకే. బండల యాపారం. బయట బెంచీ మీద కూచోనుండాడు. పిలవాల్నా?"

"మేడమ్!" ఇన్‌స్పెక్టర్ దాదాపు ఏడుపు గొంతుతో అన్నాడు. "ఇప్పుడే కదండీ తెలీదన్నారు!"

వనజమ్మ అతనికి ఓపిగ్గా చెప్పింది. "అప్పుడు నాకు ఈయమ్మ ఎవురో తెలీదు గదప్పా."

* * *

ఫోన్‌లో విన్న మాటను ఉత్తర్వులో రాయడం కుదరదని హేమలత చెప్పింది. రెండోసారి తనిఖీకి ఆదేశించి, ఈసారి తానే వస్తానంది. బండి వీధి మొదట్లోనే ఆపి నడిచి వచ్చింది. ముందు నాగేంద్ర కూతురినని చెప్పింది, తర్వాతే ఫైలు తెరిచింది. అప్పుడు లేడన్న ఇరుగుపొరుగు ఇద్దరూ నారాయణ పుట్టిన నక్షత్రంతో సహా వాంగ్మూలం ఇచ్చారు. వద్దన్నా వినకుండా వనజమ్మ ఆమెకు శెనక్కాయలు మూట కట్టబోతే, తీసుకోకూడదని ఒప్పించడానికి తనిఖీ కంటే ఎక్కువ సేపు పట్టింది. జమ్మలమడుగు షెడ్డులో యంత్రాలు ఆడించి చూపించారు. లారీ కాటా చీటీలు, సరుకు రవాణాకు తీసిన ఈ-వే బిల్లులు సరిపోయాయి. సరుకు వచ్చింది నిజం, పన్ను కట్టింది నిజం అని ఉత్తర్వు రావడానికి మాత్రం వానాకాలం మొత్తం గడిచింది. అంతకాలమూ జాఫర్ ఇల్లు బీబీజాన్ తమ్ముడి చేబదుళ్ల మీద నడిచింది.

ఖాతా విడుదలైన రోజు వివేక్ స్కూటరు మీద అంగడికి వచ్చాడు. జాఫర్ అతనికి టీ చెప్పించాడు. వివేక్ సంచిలోంచి ఒక కాగితం తీశాడు.

"ఇదేంది? ఉత్తర్వు నకలా?"

"ఇంకో నోటీసు మామా. మొన్నది ఒక సంవత్సరానిది. ఇది దాని పై సంవత్సరానిది. వేరే అధికారి. అదే నారాయణ, అదే పాత పంచనామా."

జాఫర్ దాన్ని చదవలేదు. బండల దొంతికి ఆనుకుని నిలబడ్డాడు.

"మళ్లా వనజమ్మను తీసుకపోవాల్నా?"

"ఈ ఉత్తర్వు జతచేస్తే సాలొచ్చు. సాలకపోతే తీసుకపోవాల."

"ఆ అధికారిది ఏ ఊరు?"

"విశాఖపట్నం."

"సచ్చినాం పో," అన్నాడు జాఫర్.

అప్పుడే రోడ్డు మీద ఒక తెల్లకారు వచ్చి అంగడి ముందు ఆగింది. చేతిలో సంచితో ఒక మనిషి దిగాడు. కొత్త ముఖం.

"జాఫర్ అంటే ఎవరండీ? కడప నుంచి షంషుద్దీన్ సాబ్ పంపించారు. కువైట్ వీసా సిద్ధమైపోయింది. పాస్‌పోర్టు తీసుకురమ్మన్నారు. ఈరోజు ఇవ్వకపోతే ఆ వీసా వేరేవాళ్లకు ఇచ్చేస్తారట."

జాఫర్ చేతిలో నోటీసు ఉంది. చదవాల్సిన పనిలేదు, అందులో ఏముందో తెలుసు. మళ్లీ పులివెందుల, మళ్లీ జమ్మలమడుగు, మళ్లీ కారులో మూడు ముక్కలు చెప్పించడం. పాస్‌పోర్టు ఇచ్చేస్తే ఇదంతా ఎవరి తలనొప్పో అవుతుంది. లోపల బల్ల మీద అతని చిన్న కూతురు బడి సంచి విసిరేసి, హోంవర్కు మానేసి, పాలిష్ బండ మీద సుద్దముక్కతో ఇల్లు గీస్తోంది. ఆ బండ రేపు గిరాకీకి ఇవ్వాలి. ఎన్నిసార్లు చెప్పినా వినదు.

అతను నోటీసును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"జాఫరా? ఆ పేరుగలోళ్లు ఈడ ఎవురూ లేరప్పా."

వచ్చినవాడు తలెత్తి అంగడి బోర్డు చూశాడు. జాఫర్ బండల అంగడి అని ఎర్రక్షరాలతో ఉంది. మళ్లీ జాఫర్‌ను చూశాడు. చివరికి వివేక్ వైపు తిరిగాడు.

వివేక్ టీ గ్లాసు కింద పెట్టి తల అడ్డంగా ఊపాడు.

"లేరన్నా. కావాలంటే నేను గూడా సంతకం పెడతా."